యూకేజీ గదిలో ఇన్ని ఎగుడుదిగుళ్లు ఎందుకు? టీచర్ ఏం చేయగలదు?

జూన్ చివర్లో కర్నూలులో ఏదైనా యూకేజీ గదిలోకి వెళ్లి, చింతపిక్కలు కుప్పగా పోసి, "నాకు ఏడు పిక్కలు ఇవ్వు" అని పిల్లల్ని ఒక్కొక్కరినీ అడిగి చూడండి. ఒక పాప ఒక్కో పిక్కా పక్కకు జరుపుతూ ఏడు లెక్కపెట్టి ఇస్తుంది. పక్కనున్న పిల్లోడు "వన్, టూ, త్రీ" అని యాభై దాకా ఆగకుండా చెబుతాడు గానీ, ఏడు అడిగితే రెండు చేతులతో దొరికినన్ని తోసేస్తాడు. మరొకడు ఏడిచ్చి, "ఇంగ మూడేస్తే పదైతాయి మేడం" అంటాడు. ఇంకో పాప అసలు నోరు విప్పదు. మన మాట అర్థమైందో లేదో కూడా తెలియదు. వీళ్లందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచర్, ఒకే పరీక్ష. మార్చి వచ్చేసరికి అందరూ ఒకే చోట ఉండాలని స్కూలూ ఎదురుచూస్తుంది, ఇళ్లలోనూ ఎదురుచూస్తారు.

ఇది చూడగానే చాలా స్కూళ్లలో జరిగేది ఒకటే. పిల్లల్ని "షార్ప్", "యావరేజ్", "డల్" అని మూడుగా విడదీస్తారు. దసరా సెలవులకల్లా ఆ విభజన బెంచీల వరసగా మారుతుంది. ముందు వరసలో కూర్చున్నవాళ్లను ప్రశ్నలు అడుగుతారు, వెనక వరస వాళ్లను చూసి రాసుకోమంటారు. నాలుగేళ్ల బిడ్డ మీద వేసే ఈ ముద్ర నన్ను నిజంగా బాధపెడుతుంది. ఎందుకంటే ఈ వయసులో కనిపించే తేడాలో చాలా భాగానికి తెలివితో సంబంధం లేదు. పుట్టిన నెల, ఇల్లు, భాష, ఆరోగ్యం, హాజరు అన్నీ చిక్కుపడి, చూసేవాళ్లకు ఒకే తేడాలా కనిపిస్తాయి. ఆ చిక్కు విప్పకుండా ఎవరికి ఏం నేర్పాలో తేలదు.

తేడా ఎక్కడెక్కడి నుంచి వస్తుంది

మొదట వయసు సంగతి. యూకేజీలో చేరేటప్పుడు ఒకరికి సరిగ్గా నాలుగేళ్లు, ఇంకొకరికి అయిదేళ్లకు ఒక్క నెల తక్కువ అనుకుందాం. మధ్యలో 11 నెలలు. ముప్పై ఏళ్ల మనిషికి అదొక లెక్క కాదు. పుట్టి 48 నెలలే అయిన బిడ్డకు మాత్రం అది తను బతికిన కాలంలో దాదాపు నాలుగో వంతు. ఆ నాలుగో వంతులో ఎన్ని మాటలు వస్తాయో, ఎన్ని ఆటలు వస్తాయో ఇంట్లో చిన్నపిల్లలున్న ఎవరికైనా తెలుసు. పైగా అక్కతోపాటు ఒకే ఆటోలో పంపొచ్చని కొందరు పిల్లల్ని ఆర్నెల్లు ముందే చేరుస్తారు. రికార్డులో వయసు సరిపోతుంది, బిడ్డకు సరిపోదు.

రాత విషయంలో ఈ తేడా ఒంట్లోనే ఉంది. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి ఎముకలుగా ఉండవు, మెత్తటి మృదులాస్థిగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తాయి. నాలుగేళ్ల వయసుకు సుమారు సగమే గట్టిపడి ఉంటాయి, చివరిది గట్టిపడేసరికి ఎనిమిదేళ్లు దాటిపోతాయి. మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఇది కాస్త ముందుగా జరుగుతుంది. వేళ్ల మీద అదుపు, బలపాన్ని పట్టుకునే బలం కూడా ఇలాగే ఒక్కో బిడ్డలో ఒక్కో వేగంతో వస్తాయి. నాలుగు గీతల కాపీలో అక్షరం గీత దాటిందని ఒక పిల్లాడిని మందలిస్తున్నామంటే, చాలాసార్లు మనం మందలిస్తున్నది వాడి వయసునే.

ఇల్లు ఇంకో పెద్ద కారణం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఆగిపోయింది. అంటే ఈ రోజు యూకేజీకి వచ్చే పిల్లల్లో కొందరి ఇళ్లలో అవ్వాతాతలు బడి మొహం చూసి ఉండరు, అమ్మకు సంతకం వరకే వచ్చి ఉండొచ్చు. అదే బెంచీ మీద ఇద్దరు టీచర్ల కొడుకు కూర్చుంటాడు. వాడు రెండేళ్ల వయసు నుంచీ బొమ్మల పుస్తకాలు తిరగేస్తున్నాడు, పుస్తకం ఎటు తెరవాలో, చదువు ఎడమ నుంచి కుడికి పోతుందనీ వాడికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. మొదటివాడికి తెలియనిది ఇదే. కానీ వాడికి తెలిసినవి మన పరీక్షలో రావు. రైతుబజారులో అమ్మ పక్కన కూర్చునే పిల్ల పది రూపాయలకు ఎన్ని నిమ్మకాయలో చెప్పగలదు, చిల్లర ఏరి ఇవ్వగలదు. పలక మీద ‘10’ రాయమంటే రాయలేదు. ఆ పిల్లను లెక్కల్లో వెనకబడిందనాలా, ముందుందనాలా?

తర్వాత భాష. కర్నూలు, కడప, ఆదోని పాత పేటల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు చాలామంది. మడకశిర వైపు, ఆదోని దాటాక సరిహద్దు ఊళ్లలో కన్నడ. అనంతపురం తండాల నుంచి వచ్చేవాళ్లది లంబాడీ. తెలుగు ఇళ్లలో కూడా పుస్తకం తెలుగు వేరు, ఇంటి తెలుగు వేరు. చార్టులో బొమ్మ చూసి "ఎనుము" అన్న పిల్లకు "గేదె అనాలి" అని తప్పు పెడితే, ఆ పిల్ల జంతువును గుర్తుపట్టిందన్న సంగతి మనం రాసుకోలేదన్నమాట. వీటన్నిటి మీద ఇంగ్లిష్ మీడియం. కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మాట్లాడకుండా వింటూ ఉండిపోతారు. ఇది భాష నేర్చుకునే దారిలో మామూలుగా వచ్చే దశ. చింతపిక్కల దగ్గర నోరు విప్పని పాపను ఆయా చేత ఉర్దూలో "సాత్ దేవ్" అని అడిగించి చూడండి. ఏడూ లెక్కపెట్టి ఇస్తుందేమో!

ఆరోగ్యం గురించి బడుల్లో తక్కువ మాట్లాడతాం, అందుకే ఇక్కడ కాస్త నిలబడతాను. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 60 శాతానికి పైగా రక్తహీనత ఉంది. ఈ వయసులో వచ్చే రక్తహీనతకు ఇనుము లోపం ముఖ్యమైన కారణం. దాంతో బిడ్డ నీరసంగా ఉంటుంది, ఒక పని మీద ఎక్కువసేపు మనసు నిలవదు. టీచర్‌కు కనిపించేది మాత్రం "పదకొండు అయ్యేసరికి బల్ల మీద తల వాల్చేస్తాడు, ఇంట్రెస్ట్ లేదు" అన్నంతవరకే. వినికిడి కూడా ఇలాంటిదే. ఈ వయసు పిల్లలకు జలుబు చేసినప్పుడు చెవి లోపల, కర్ణభేరి వెనక నీరు చేరి కొన్ని వారాలు నిలిచిపోతుంది. నొప్పి ఉండకపోవచ్చు. ఆ వారాల్లో పక్కనుంచి మాట్లాడితే వినిపిస్తుంది, గది అవతల నుంచి చెబితే సగమే వినిపిస్తుంది. ‘ప’కూ ‘బ’కూ తేడా చెప్పలేని పిల్లాడికి ఆ తేడా అసలు వినపడుతోందా అని ముందు చూడాలి.

హాజరు సంగతి కర్నూలు పడమటి మండలాల వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుంచి ఏటా ఖరీఫ్ అయ్యాక కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు వలస పోతాయి. పెద్దపిల్లల్ని అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో వదులుతారు. నాలుగైదేళ్లవాళ్లు అమ్మ వెంటే పోతారు. వాళ్లు తిరిగొచ్చేసరికి తరగతి గుణింతాల్లో ఉంటుంది.

ఇవన్నీ ఒక బిడ్డలో ఒకే వైపు లాగవు. చదవడంలో అందరికంటే ముందున్నవాడు చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోవచ్చు, ఆటలో ఓడితే తట్టుకోలేక ఏడవొచ్చు. అక్షరం ముక్క రాని పిల్ల తన జేజి చెప్పిన కథను మొదలూ తుదీ తప్పకుండా తిరిగి చెప్పొచ్చు. కాబట్టి "ఈ పిల్ల ఏ లెవెల్?" అనే ప్రశ్నకు జవాబు లేదు. లెక్కపెట్టడంలో ఎక్కడుంది, శబ్దాలు పట్టుకోవడంలో ఎక్కడుంది, చేతి పనిలో, మాటలో, నలుగురితో కలవడంలో ఎక్కడుంది అని విడివిడిగా అడిగితేనే జవాబు దొరుకుతుంది.

నడిమి పిల్లల కోసం చెప్పే పాఠం

తేడాలు ఎక్కువైనప్పుడు టీచర్లు ఎంచుకునే సులువు దారి, నడిమి పిల్లల్ని ఉద్దేశించి అందరికీ ఒకే పాఠం చెప్పడం. బోర్డు మీద ‘అ’ రాస్తారు, అందరూ పేజీ నిండా రాయాలి. ముప్పైమంది ఉన్న గదిలో ఇది తప్పనిసరి అనిపిస్తుంది, అలా అనిపించడంలో టీచర్ తప్పేమీ లేదు. కానీ జరిగేది గమనించండి. ‘అ’ ముందే వచ్చిన పిల్లలు ఆ అరగంటలో కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు. పెన్సిల్ పట్టు ఇంకా రాని పిల్లలు నేర్చుకునేది, తమకు చదువు రాదని. మధ్యలో ఉన్న కొద్దిమందికి మాత్రమే ఆ పాఠం తగిన ఎత్తులో ఉంది.

తెలుగు లిపితో ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌కు 26 అక్షరాలు. మనకు 56 అక్షరాలు, వాటి మీద గుణింతాలు, కింద ఒత్తులు. అన్నీ కలిపితే పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. ఇవి పూర్తిగా పట్టుబడటానికి మూడు నాలుగేళ్లు పట్టడం సహజం. అలాంటప్పుడు యూకేజీలోనే ‘అ’ నుంచి ‘ఱ’ దాకా వరస తప్పకుండా రాయించేస్తే, గంగ అనే పేరున్న పిల్లకు తన పేరులోని మొదటి అక్షరం కోసం నెలల తరబడి ఎదురుచూపు, ఆలోపు ఋ, ౠలతో కుస్తీ. తనకు కావలసిన అక్షరం ముందు రావడం ఆ వయసు పిల్లకు ఎంత ముఖ్యమో ఒక్కసారి పేరు చీటీ చేతిలో పెట్టి చూస్తే తెలుస్తుంది.

మరి గుంపులు చేయాలా, వద్దా?

ఇక్కడ నిజంగా భిన్నాభిప్రాయాలున్నాయి, రెండు వైపులా ఆధారాలున్నాయి.

పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ మన దేశంలో విస్తృతంగా చేసిన పని ఒకటుంది. మూడు నుంచి అయిదో తరగతి వరకు పిల్లల్ని, రోజులో కొంతసేపు తరగతి లెక్కన కాకుండా చదవగలిగే స్థాయి లెక్కన కూర్చోబెట్టి నేర్పుతారు. ఈ పద్ధతి ఫలితాలను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఏళ్ల తరబడి పరిశీలించారు. మైకేల్ క్రెమర్‌తో కలిసి వాళ్లకు 2019లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కెన్యాలోనూ 121 ప్రాథమిక పాఠశాలల్లో ఒకటో తరగతి పిల్లల మీద జరిగిన అధ్యయనం 2011లో అచ్చయింది. మొదట్లో ఉన్న మార్కులను బట్టి తరగతిని రెండుగా విడదీసిన బడుల్లో, పై గుంపే కాదు, కింది గుంపు కూడా బాగుపడింది. టీచర్ తన ముందున్న పిల్లల స్థాయికి తగ్గట్టు పాఠాన్ని మార్చుకోగలగడం దానికి ఒక కారణమని ఆ పరిశోధకులు చెప్పారు.

అయితే మనం కూడా యూకేజీని ఏ సెక్షన్, బీ సెక్షన్ అని విడదీయొచ్చుగా? వద్దనే నేనంటాను. కెన్యాలో ఒక్కో తరగతికి అదనంగా ఇంకో టీచర్‌ను పెట్టారు. రెండు గుంపులకూ చెప్పే మనిషి విడిగా ఉన్నారు. మన దగ్గర ఒకే టీచర్ రెండు గుంపుల మధ్య పరిగెత్తాలి, మొదట అలసిపోయేది వెనక గుంపు దగ్గరే. ప్రథమ్ పద్ధతిలో గుంపు రోజులో కొంతసేపే ఉంటుంది, నేర్చుకున్నవాళ్లు పై గుంపులోకి పోతారు. అసలు కారణం వయసు. ఎనిమిదేళ్ల పిల్లాడి చదివే స్థాయి ఈ నెలా వచ్చే నెలా దాదాపు ఒకటే. నాలుగేళ్ల పిల్ల ఈ నెల చేయలేని పని మూడు వారాల తర్వాత నవ్వుతూ చేసేస్తుంది. జూన్‌లో పెట్టిన గుంపు ఆగస్టుకే అబద్ధమైపోతుంది, గుంపు మాత్రం మార్చి దాకా ఉంటుంది.

ఇంకో దారి మన సీమలోనే పుట్టింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బడుల కోసం ఒక పద్ధతిని తయారుచేశారు. అన్ని తరగతులవాళ్లూ ఒకే గదిలో, ఒకే టీచర్ దగ్గర ఉండే బడులవి. పాఠాలన్నీ చిన్న చిన్న కార్డులుగా మారాయి, వాటిని ఒక నిచ్చెన మీద వరసగా బొమ్మ గుర్తులతో పెట్టారు. బిడ్డ తానెక్కడ ఉందో తానే చూసుకుని తర్వాతి కార్డు తెచ్చుకుంటుంది. ఒక కార్డుకు టీచర్ పక్కనే ఉండాలి, ఇంకోదానికి కాస్త సాయం చాలు, మరోదానికి తోటిపిల్లలు చాలు, ఇంకోటి ఒంటరిగానే చేయొచ్చు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు మూలం ఇదే. వలస పోయి వచ్చిన పిల్లకు ఇందులో ఉన్న మేలు చూడండి. తరగతి ఎక్కడికి పోయినా తను ఆపిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెట్టొచ్చు. యూకేజీకి ఇన్ని కార్డులు బరువవుతాయి, ఆ వయసుకు ఆటా మాటా ఎక్కువ కావాలి. కానీ అందులోని అసలు ఆలోచనను, అంటే ఏ పనికి టీచర్ కావాలి, ఏ పనికి అక్కర్లేదు అని ముందే తేల్చుకోవడాన్ని మాత్రం నేరుగా తీసుకోవచ్చు.

నిజానికి వయసుల్ని కలపడం కొత్త సంగతేం కాదు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన బాలల గృహంలో చిన్నాపెద్దా పిల్లలు కావాలనే ఒకే గదిలో ఉండేవాళ్లు. 1975లో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైన నాటి నుంచి మన అంగన్‌వాడీల్లోనూ మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు కలిసే కూర్చుంటున్నారు. ఆ అనుభవం అంగన్‌వాడీ టీచర్ల దగ్గర ఎంతో ఉంది. ప్రైవేటు స్కూళ్లు వాళ్లను ఎన్నడూ అడగకపోవడం పెద్ద లోటు.

ఒకే పని, వేర్వేరు లోతు

నా మట్టుకు యూకేజీకి సరైన జవాబు ఇది. అందరికీ ఒకే పని ఇవ్వాలి. అది రానివాళ్లు కూడా అందులోకి దిగగలగాలి, బాగా వచ్చినవాళ్లకు అందులో ఇంకా చేయడానికి మిగలాలి.

పేర్లతో మొదలుపెట్టండి. పొద్దున హాజరు పిలవడానికి బదులు, పిల్లల పేర్ల చీటీలు నేల మీద పరచాలి. తన చీటీ తను వెతుక్కుని గోడకు తగిలించాలి. కొందరు చీటీ మీద అంటించిన బొమ్మ గుర్తుతో పట్టుకుంటారు, కొందరు మొదటి అక్షరంతో, కొందరు పేరంతా చదివి. తర్వాత అందరూ కూర్చుని ఒక్కో పేరుకూ చప్పట్లు కొట్టాలి: ల-క్ష్మి, షా-హి-నా, వెం-క-టే-శు. అక్షరం ఒక్కటీ రాని పిల్లకు కూడా చెవితో ఇది వస్తుంది. తెలుగు ఇలా ముక్కలు ముక్కలుగా విరగడానికి చాలా అనువైన భాష. చప్పట్లు వచ్చినవాళ్లను "‘ల’తో మొదలయ్యేది ఇంకేముంది?" అని అడగాలి. అది కూడా వచ్చినవాళ్లను "లక్ష్మిలో ‘క్ష్మి’ తీసేస్తే ఏం మిగులుతుంది?" అనాలి. అది ఆడుతూ పాడుతూ చేసేవాళ్లు తమ పేరు, పక్కవాళ్ల పేరు పలక మీద రాయొచ్చు. ఇరవై నిమిషాల ఆట, నాలుగు లోతులు. ఎవరూ విడిగా కూర్చోలేదు, ఎవరి పేరూ వెనక బెంచీకి పోలేదు.

చింతపిక్కలతోనూ అంతే. రోట్లో గింజలు పోసినట్టు ఊరికే వన్ టూ చెప్పించడం లెక్కలు కావు. ఒక్కో పిక్కకు ఒక్కో అంకె, ఏదీ వదలకుండా, ఏదీ రెండుసార్లు అనకుండా చెప్పడం మొదటిది. చివర చెప్పిన అంకే మొత్తం అని తెలియడం దాని తర్వాతది. యాభై దాకా వల్లించి ఏడు ఇవ్వలేని పిల్లాడికి లేనిది ఈ రెండోది. వాడికి అంకెలు ఇంకా నేర్పడం దండగ, అయిదు లోపలే వస్తువులతో ఆడించాలి. ఏడిచ్చి, ఇంకో మూడేస్తే పదవుతాయన్న పిల్లాడికి అవే పిక్కలు ఇచ్చి, గుప్పిట్లో కొన్ని దాచి, "బయట నాలుగున్నాయి, మొత్తం తొమ్మిది, గుప్పిట్లో ఎన్ని?" అని అడగాలి. చింతపిక్కలు లేకపోతే చెనక్కాయలు, సీతాఫలం గింజలు, ఏవైనా సరే. చిన్నపిల్లలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా ఒక పెద్ద మనిషి కన్ను మాత్రం ఉండాలి.

రాతకు మన బడుల్లో పరిచి ఉన్న బేతంచెర్ల బండలను మించిన పలక లేదు. సుద్దముక్క ఇచ్చి నేల మీద కూర్చోబెడితే, చేయి ఇంకా కుదరనివాళ్లు భుజం దగ్గర్నుంచి పెద్ద సున్నాలు, వంకలు గీస్తారు, కుదిరినవాళ్లు అక్షరాలు రాస్తారు. నాలుగు గీతల మధ్య ఇరుక్కోవాల్సిన పని లేదు. తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ ఖాళీ పేజీ. రాగిపిండి ముద్ద పిసకడం, పూసలు గుచ్చడం, బట్టల క్లిప్పులు పెట్టించడం కూడా రాతకు ముందు పనులే.

ఒక మూల అంగడి పెట్టండి. ఖాళీ డబ్బాలు, కాగితం డబ్బులు, తక్కెడ చాలు. సిగ్గుపడే పిల్ల అక్కడ కొనేదై మాట్లాడుతుంది. రైతుబజారు పిల్ల రాణిలా నిలబడుతుంది, ఆ గదిలో మొదటిసారి అందరూ ఆమెను సాయం అడుగుతారు. చదవడం వచ్చినవాడు ధరల బోర్డు రాస్తాడు. ఈ మూలను నేను ఇంతగా చెప్పడానికి కారణం, తరగతిలో పైనున్నదెవరో కిందున్నదెవరో ఇక్కడ తారుమారవుతుంది. పిల్లలు ఒకరి గురించి ఒకరు అనుకునేది మారుతుంది, టీచర్ అనుకునేది కూడా.

టీచర్ టైము ఎలా పంచుకోవాలి

పొద్దున అందరితో కలిసి ఇరవై నిమిషాలు పాట, కథ, చప్పట్లు. ఆ తర్వాత ముప్పావుగంట మూలల్లో పని. అంగడి, నేల రాత, పిక్కలు, బొమ్మల పుస్తకాలు. పిల్లలు మూలల్లో ఉన్నప్పుడు టీచర్ అయిదారుగురిని పిలిచి పది నిమిషాలు కూర్చోబెట్టుకోవాలి, తర్వాత ఇంకో అయిదారుగురిని. ఆ చిన్న గుంపు ఒక పని కోసం పుట్టాలి: అయిదు లోపల లెక్కించడం, మొదటి శబ్దం పట్టడం, కథను వరసలో చెప్పడం. పని అయ్యాక గుంపు రద్దు. ఈ వారం లెక్కల గుంపులో సాయం తీసుకున్న పిల్ల కథ గుంపులో సాయం చేసేదై ఉండాలి. గుంపుకు "రోజాలు, మల్లెలు" అని పేర్లు పెట్టి ఏడాదంతా ఉంచితే, ఏ పువ్వు ఎందుకు వాడిందో పిల్లలు వారంలో కనిపెట్టేస్తారు.

మొదటి రెండు మూడు వారాలు ఇది గందరగోళంగానే ఉంటుంది. ఆ వారాల్లో అక్షరాలు పక్కన పెట్టి, మూలకు ఎలా వెళ్లాలి, సామాను ఎలా సర్దాలి, టీచర్ చిన్న గుంపుతో ఉన్నప్పుడు ఎవరిని అడగాలి అన్నవి మాత్రమే నేర్పాలి. అప్పుడు పెట్టిన సమయం ఏడాదంతా తిరిగొస్తుంది.

ఆయాను మరిచిపోకండి. చాలా గదుల్లో ఆమెకు అప్పగించేది బాత్రూమూ, టిఫిన్ డబ్బాలే. కానీ ఉర్దూ, కన్నడ, లంబాడీ పిల్లల మాట టీచర్ కంటే ముందు అర్థమయ్యేది చాలాసార్లు ఆమెకే. అంగడి మూలలో ఆమెను కూర్చోబెడితే పిల్లలు తమ ఇంటి మాటలో మాట్లాడతారు. ఎవరు ఏం చేయగలరో ఆమె వచ్చి చెబుతుంది.

ఏడాది ప్రణాళికను వరసలో కాకుండా చుట్టూ తిరిగేలా వేసుకోవడం పడమటి మండలాల్లో తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇల్లు, తిండి, జంతువులు, సంత, వాన లాంటి అయిదారు విషయాలు తీసుకుని, వాటి చుట్టూ తిరిగి తిరిగి కాస్త లోతుగా రావాలి. నవంబరులో పోయి మార్చిలో వచ్చిన బిడ్డకు సంత విషయం మళ్లీ ఎదురవుతుంది. గుంటూరు మిరప కల్లాల్లో చూసిందంతా చెప్పడానికి అప్పుడు ఆ బిడ్డ దగ్గర ఎక్కువే ఉంటుంది.

ముందున్న పిల్లలు, వెనకాల మిగిలేవాళ్లు

నాలుగేళ్లకే పేపర్లో హెడ్డింగులు చదివే పిల్లలుంటారు. వాళ్లకు ఒకటో తరగతి పుస్తకం ఇవ్వడం సులువైన జవాబు, మంచిది కాదు. ఇప్పుడే ముందుకు తోస్తే రేపు ఒకటో తరగతిలోనూ వాళ్లు ఖాళీగానే కూర్చుంటారు. పక్కలకు వెడల్పు చేయండి. చదివిన కథకు ముగింపు మార్చి చెప్పమనండి, అంగడికి బోర్డులు రాయమనండి, వారమంతా వాన కొలిచి గోడ మీద గుర్తు పెట్టమనండి. వాళ్లను రోజూ చిన్న టీచర్లుగా వాడుకోవడం కూడా సరికాదు. తోటిపిల్లలకు ఒక్కోసారి నేర్పడం మంచిదే, కానీ వాళ్లు బడికి వచ్చింది తాము నేర్చుకోవడానికి.

మిగతా అందరికీ సమయం ఇవ్వాలి, నిజమే. కానీ సమయం ఇస్తున్నామన్న పేరుతో సాయం ఆలస్యం చేయకూడని పిల్లలు కొద్దిమంది ఉంటారు. పేరు పెట్టి పిలిచినా తరచూ పలకకపోవడం, నాలుగున్నరేళ్లకు కూడా ఇంటి భాషలో రెండు మూడు మాటల వాక్యం చెప్పలేకపోవడం, బయటివాళ్లకు మాట అసలు అర్థం కాకపోవడం, ముందు వచ్చిన పనులు మరిచిపోవడం, ఎవరితోనూ ఆడకపోవడం, తరచూ పడిపోవడం, బొమ్మను కంటికి దగ్గరగా పెట్టుకుని చూడటం. వీటిలో ఏదైనా ఇంట్లోనూ బడిలోనూ కొన్ని వారాలు కనిపిస్తే చూపించాలి. ఇంటి భాషలోనా అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. ఇంట్లో ఉర్దూలో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నోరు విప్పకపోవడం వేరు, ఎక్కడా మాట రాకపోవడం వేరు.

ఎక్కడ చూపించాలి? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఆ వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లల్ని పరీక్షించాలి, అవసరమైనవాళ్లను జిల్లా కేంద్రానికి పంపాలి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రైవేటు స్కూల్లో చదివే పిల్లలు ఈ పరీక్షల బయటే ఉండిపోతారు, అక్కడ మాత్రం టీచరే తల్లిదండ్రులతో మాట్లాడి ప్రభుత్వాసుపత్రికో, పిల్లల డాక్టర్ దగ్గరికో పంపాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, వాటిలో చదువులో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులు కూడా ఉన్నాయి. అయితే చదవడంలో అలాంటి ఇబ్బంది ఉందని యూకేజీలో తేల్చడం తొందరపాటు. కన్ను, చెవి, మాట మాత్రం ఇప్పుడే చూడాలి.

ఇంటివాళ్లతో మాట్లాడటం

"పక్కింటి పాప ఏ బీ సీ డీలు అన్నీ రాస్తాంది మేడం, మావోనికి ఏమీ రావు. కొట్టయినా రాయించండి." ఈ మాట సీమలో యూకేజీ టీచర్లంతా విన్నదే. దీని వెనక కోపం కంటే భయం ఎక్కువ. ఫీజు అప్పు చేసి కట్టిన తల్లికి రాత ఒక్కటే కళ్లకు కనపడే రుజువు. ఆ తల్లికి సిద్ధాంతాలు చెబితే నిలవవు. బిడ్డ చేసిన పని చూపించాలి. "చూడమ్మా, జూన్‌లో వీడు గీసిన మనిషి బొమ్మ ఇది, తలా కాళ్లూ మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు మెడ, వేళ్లు, చెప్పులు కూడా పెట్టాడు. అప్పుడు మూడు పిక్కల దాకా లెక్కపెట్టేవాడు, ఇప్పుడు ఎనిమిది." ఒక్కో బిడ్డకు ఒక ఫైలు పెట్టుకుని నెలకు రెండు కాగితాలు దాస్తే చాలు. పక్కింటి పాపతో పోలికకు బదులు, ఈ బిడ్డ నాలుగు నెలల కిందటి తనతో పోలిక చూపించొచ్చు.

ఇంటి పని కూడా ఇంటికి తగ్గట్టు ఇవ్వాలి. రాయడం రాని అమ్మకు కాపీ పేజీ ఇచ్చి పంపితే ఇంట్లో కన్నీళ్లే మిగులుతాయి. "జేజిని ఒక పొడుపుకథ అడిగి రా", "మీ ఇంట్లో బోకులు (గిన్నెలు) ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రా" అంటే అందరూ చేయగలరు.

యాజమాన్యాలకు కూడా ఒక మాట. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, ఈ వయసు పిల్లలకు పరీక్షలు తగిన సాధనం కావని స్పష్టంగా చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు అయిదేళ్లను ఒకే దశగా పెట్టింది కూడా ఇందుకే. అక్షరం, అంకె పట్టుబడటానికి యూకేజీ మార్చి గడువు కాదు, మూడో తరగతి వరకు సమయం ఉందనే ఆ లెక్క. చదవడం, లెక్కల పునాది కోసం 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం కూడా మూడో తరగతి చివరికే పెట్టారు. ఇవన్నీ తెలిసినా ఎల్‌కేజీలో యూనిట్ టెస్టులు, ర్యాంకులు పెట్టే స్కూలు, తన టీచర్‌ను నడిమి పాఠం వైపు తనే తోస్తోంది. ముప్పై అయిదు మందికి ఒకే టీచర్‌ను పెట్టి, ఆయాను కూడా తీసేసి, "ప్రతి బిడ్డ మీదా శ్రద్ధ" అని బ్యానర్ కట్టడం అన్యాయం. ఆ బ్యానర్ ఖర్చుతో మొదట ఆయాను పెట్టాలి.

జూన్‌లో ఈ పిల్లలు ఒకటో తరగతికి పోతారు. అక్కడ మొదటి మూడు నెలలు విద్యాప్రవేశ్ పేరుతో ఆటలతో బడికి అలవాటు చేసే కార్యక్రమం ఉంది. యూకేజీ టీచర్ తన ఫైళ్లను ఆ టీచర్ చేతికి ఇస్తే ఆ మూడు నెలలు సగం పని ముందే అయినట్టు. ర్యాంకు అక్కర్లేదు, నాలుగు లైన్లు చాలు: "పన్నెండు దాకా వస్తువులు లెక్కపెడతాడు. తన పేరు, అమ్మ పేరు రాస్తాడు. గుణింతాలు ఇంకా రావు. ఉర్దూలో అడిగితే పెద్ద జవాబు చెబుతాడు, తెలుగులో ఒక్క మాటే. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు, ఫిబ్రవరిలో చెవి డాక్టర్‌కు చూపించమని చెప్పాం, చూపించారో లేదో అడగండి. అంగడి ఆటలో అందరినీ కలుపుకుంటాడు, మొదటి రోజు అక్కడ కూర్చోబెట్టండి."